కార్బురేటరు ఎంపిక

పెద్ద కార్బురేటరు బిగించినంతనే కారునకు వేగము హెచ్చునని పలువురి నమ్మకము. లెక్క వేరుగా నున్నది. అమెరికాలో జోరుకారుల వారికి ప్రియమైన షెవర్లే 350 ఘనపుటంగుళముల ఇంజనునే తీసికొందము. ఇది నాలుగు స్ట్రోకులది. రెండు చుట్లకొకమారు మాత్రమే ప్రతి సిలిండరును గాలి పీల్చును. నిమిషమునకు 6,000 చుట్లు తిరిగినను కావలసిన గాలి 608 ఘనపుటడుగులు. సిలిండర్లు నూటికి 85 పాళ్లే నిండినచో సుమారు 516. కావున 600 అడుగుల కార్బురేటరు చాలును.

గొప్పకై 750 అడుగులది కొనువారు లేకపోలేదు. అట్టి కారులో ఇంజను మెల్లగా తిరుగునపుడు వెంచురీ గొంతులో గాలి మందగించును. పెట్రోలు సన్నని తుంపరగా చీలదు. కూడలిలో పచ్చదీపము చూచి యాక్సిలరేటరు తొక్కగానే ఇంజను తడబడును. పందెపు బాటపై ఈ లోపము అంతగా తెలియదు. అచట ఇంజను మెల్లగా తిరుగుటయే అరుదు గదా! బరువైన కారునకు, ఆటోమాటిక్ గేర్లున్నచో మరియును, వెనుక రెండు గొంతులు వాక్యూముచే వాటంతటవే తెరచుకొను రకము మేలు.