టీవీ తెర మీద మన కాగితాలు

(మన సంఘం నగరి సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లోని కంప్యూటర్‌ను టీవీకి కలుపుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఇంజనీరును కానండీ, కేంద్ర సర్వీసులో లెడ్జర్లు రాసి రిటైరైనవాణ్ణి అని మనవి చేసుకున్నాను. "అందుకే మీరు చెప్పాలి. బాగా తెలిసినవాళ్ళు చెబితే మనకు అర్థం కాదు" అన్నారు. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాను.

మన నగరివాళ్ళకు మొదట టీవీ అంటే మద్రాసు టీవీయే. 1975 ఆగస్టులో అక్కడ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. మిద్దె మీద ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టి మద్రాసు వైపు తిప్పేవాళ్ళం. మిద్దె మీద ఒకరు, వాకిట్లో ఒకరు, టీవీ ముందు ఒకరు. "పడిందా?" "పడలే!" "ఇంకొంచెం తిప్పప్పా!" ఈ కేకలు మీలో చాలామందికి గుర్తుంటాయి.

మనకు తెలియని సంగతి ఏమిటంటే, ఇంటి కంప్యూటర్ కూడా ఆ యాంటెన్నా రంధ్రంలోనే పుట్టి పెరిగింది. 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ స్పెక్ట్రం అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. దానికి సొంత తెర లేదు. దాని వైరును టీవీ యాంటెన్నా సాకెట్టులో పెట్టి, స్టేషన్ తిప్పినట్టు తిప్పితే బొమ్మ వచ్చేది. అంటే ఆ పెట్టె ఇంట్లోనే ఒక బుల్లి టీవీ స్టేషన్ అన్నమాట. తెర మీద వరుసకు 32 అక్షరాలు, మొత్తం 24 వరుసలు. 1984లో మన కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ చదువు ప్రారంభించినప్పుడు తెప్పించిన బి.బి.సి. మైక్రోలు కూడా టీవీకి కలపడానికి వీలున్నవే.

మరి తర్వాత కంప్యూటర్‌కు వేరే తెర ఎందుకు వచ్చింది? పాత టీవీ దూరంగా కూర్చుని బొమ్మ చూడటానికి చేసింది. దాని మీద చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. అందుకని ఆఫీసు పనికి వేరే మానిటర్లు వచ్చాయి. ఇప్పటి పలక టీవీల సంగతి వేరు. ఫుల్ హెచ్.డి. టీవీలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. చాలా కంప్యూటర్ తెరలకూ అన్నే. 2002 చివర్లో హెచ్.డి.ఎం.ఐ. అనే పద్ధతి వచ్చాక బొమ్మ, శబ్దం రెండూ ఒక్క వైరులోనే పోతున్నాయి. విడిపోయిన అన్నదమ్ములు మళ్ళీ ఒక ఇంటికి చేరినట్టయింది.

ఇక మా ఇంట్లో జరిగింది చెబుతాను. నాకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. అప్పుడే కుటుంబ వివరాల ఫారం ఒకటి కంప్యూటర్లో నింపవలసి వచ్చింది. మా అబ్బాయి వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ముందు ముక్కు ఆనించి కూర్చుని, గంటసేపు నేనే టైపు చేశాను. సంక్రాంతికి వచ్చిన మనవడు చూసి, "ఎందుకు తాతా ఈ అవస్థ?" అని ఒక వైరు తెచ్చి టీవీకి తగిలించాడు. నా ఫారం గోడంత అయింది.

మా ఆవిడ వెనకాల కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసి, "ఏమండీ, నేను పుట్టింది 1951 గదా! ఈడ 1957 అని ఉండాదే?" అంది. చూస్తే నిజమే. ఒకటి బదులు ఏడు నొక్కాను. తప్పు ఎవరిదీ కాదు, నాదే. చిన్న తెర మీద నాకు రెండూ ఒకటే గీతలాగా కనిపించాయి.

ఇది చిన్న తప్పు కాదు. కేంద్ర సర్వీసు కుటుంబ పెన్షన్‌లో 80 ఏళ్ళు నిండితే 20 శాతం అదనంగా వస్తుంది. నా తదనంతరం ఆమెకు అది 2031లో రావలసింది, ఈ లెక్కన 2037 దాకా ఆగవలసి వచ్చేది. ఆధార్ కార్డులో ఒక సంవత్సరం, ఫారంలో ఒక సంవత్సరం ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగవలసింది కూడా ఆమే. అప్పుడు చెప్పడానికి నేనుండను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇతరుల లెక్కలు సరిచూసినవాణ్ణి, సొంత ఇంటి లెక్క తప్పు రాశాను. పంపకముందే కనబడింది కాబట్టి సరిపోయింది.

కలిపే పద్ధతి చెబుతాను, వీలైనవారు రాసుకోండి.

ఒకటి. ముందు టీవీ, కంప్యూటర్ రెండింటి కరెంటూ ఆపండి. టీవీకి కేబుల్ వైరు ఉంటే దాన్నీ తీసి పక్కన పెట్టండి. ఒక్కోసారి ఆ వైరు గుండా చురుక్కుమని షాకు కొడుతుంది, సాకెట్టు కూడా కాలిపోవచ్చు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు అసలు ముట్టుకోవద్దు.

రెండు. హెచ్.డి.ఎం.ఐ. వైరు ఒక కొన కంప్యూటర్‌కు, రెండో కొన టీవీకి పెట్టండి. పాత కంప్యూటర్‌కు 15 రంధ్రాల వి.జి.ఎ. సాకెట్టు మాత్రమే ఉంటే, దానిలో బొమ్మే పోతుంది, శబ్దానికి వేరే వైరు కావాలి.

మూడు. రెండూ ఆన్ చేసి, టీవీ రిమోట్‌లో సోర్స్ లేక ఇన్‌పుట్ మీట నొక్కి, వైరు ఏ నంబరు సాకెట్టులో ఉందో ఆ నంబరు ఎంచుకోండి. విండోస్ కంప్యూటర్ అయితే విండోస్ గుర్తున్న మీటను పట్టుకుని పి అక్షరం నొక్కి, డూప్లికేట్ అన్నది ఎంచుకోండి. రెండు చోట్లా ఒకే బొమ్మ వస్తుంది.

నాలుగు. అంచులు తెగిపోయినట్టు కనిపిస్తే భయపడొద్దు. టీవీ బొమ్మను కొంచెం సాగదీస్తుంది. టీవీ సెట్టింగుల్లో బొమ్మ సైజును స్క్రీన్ ఫిట్ లేక జస్ట్ స్కాన్ అని మారిస్తే సరిపోతుంది. అక్షరాలు ఇంకా పెద్దవి కావాలంటే, పేజీ చూసేటప్పుడు కంట్రోల్ మీటతో పాటు ప్లస్ మీట నొక్కండి.

డబ్బా టీవీ ఇంకా ఉన్నవారు ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులకు మార్చే చిన్న పెట్టె కొనవచ్చు. దానిలో మనవళ్ళ ముఖాలు చూడవచ్చు గాని, ఫారాలు చదవడం కష్టం.

ఒక్క హెచ్చరిక. తెర పెద్దదైతే మన రహస్యమూ పెద్దదవుతుంది. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు వైరు తీసేయండి. వీధి కిటికీలోంచి చూసేవారికి కూడా మన నిల్వ కనబడుతుంది. ఓ.టి.పి. నంబరును ఎవరడిగినా చెప్పవద్దు.

ఆఖరుగా ఒక మనవి. ఇంటికి వెళ్ళి, మీ పెన్షన్ కాగితాలు ఒకసారి టీవీ తెర మీద పెట్టండి. మీ పక్కన మీ ఇంటావిడను, లేక మీ ఇంటాయనను కూర్చోబెట్టుకోండి. పేరు, పుట్టిన తేదీ, ఖాతా నంబరు ఆమెనే చదవమనండి. ఆ కాగితం రేపు అక్కరకు రావలసింది వారికే గదా!