పెట్ట క్రింద ఎన్ని గుడ్లు?

మాది సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్న తెలుగు. తప్పులుంటే మన్నించండి. ఇంట్లో కోడిపిల్లలను పొదిగించాలని మన పిల్లలు కొందరు అడుగుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మేము బాగాన్ దాతో దగ్గర కొబ్బరితోటలో పుట్టి పెరిగినవాళ్లము. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుండి వచ్చారు. తోట లైన్లలో ప్రతి ఇంటి వెనుక నాలుగు కోళ్లుండేవి. నాయనమ్మ గుడ్లను మూడు వాటాలు వేసేది: కొన్ని అంగడికి, ఒకటి రెండు మా కంచాలలోకి, మిగిలినవి పొదగడానికి. అమ్మిన గుడ్డు ఆ రోజే డబ్బు. పొదగవేసిన గుడ్డు అయిదారు నెలలకు డబ్బు, అదీ ఉడుము తినకపోతే. అందుచేత ఎన్ని వేయాలన్నది మా ఇంట్లో చిన్న విషయము కాదు.

నాయనమ్మ తొమ్మిదో పదకొండో వేసేది, ఎప్పుడూ బేసి సంఖ్యే. ఎందుకని అడిగితే, "మా అమ్మ అలాగే వేసేదిరా" అనేది. ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పినా మాకు అంతకంటె మంచి కారణము దొరకలేదు.

1971లో అక్క పరీక్ష రుసుముకు డబ్బు కావలసి వచ్చింది. నాయనమ్మ ఊళ్లో లేదు. మేము పిల్లలము కలిసి చిన్న ఎర్రపెట్ట క్రింద పదిహేడు గుడ్లు పెట్టాము. ఎక్కువ గుడ్లయితే ఎక్కువ పిల్లలు కదా! నాలుగే పిల్లలు వచ్చాయి. నాయనమ్మ తిరిగివచ్చి తిట్టలేదు. మురిగిన గుడ్లను పెరట్లో ఒక్కొక్కటే పగులగొట్టి చూపించింది. కొన్నింటిలో ఈకలు కూడా వచ్చి ఉన్నాయి. పెట్ట గుడ్లను త్రిప్పుతూ అంచునున్నవాటిని మధ్యకు, మధ్యనున్నవాటిని అంచుకు జరుపుతుంది. రెక్కల క్రింద పట్టకపోతే చలి వంతులవారీగా అన్నింటికీ తగులుతుంది. అదనపు గుడ్లు మాత్రమే పోవు, మంచివి కూడా పోతాయి. చివరకు రుసుము కోసం ఆ పెట్టనే అమ్మవలసి వచ్చింది.

కాబట్టి పెట్టను ఎదురుగా నిలబడి చూడండి. ఒక్క గుడ్డు కూడా బయటికి కనబడకూడదు. మన కంపంగ్ కోడికి పది, పన్నెండు చాలు. చిన్నదైతే ఎనిమిది. వారము దాటని గుడ్లను కడగకుండా అన్నీ ఒకే రోజున పెట్టండి. పెన్సిలుతో గుర్తు పెట్టండి, లేకపోతే వేరే పెట్ట వచ్చి మధ్యలో తన గుడ్డు పెట్టిపోతుంది. ఏడవ రాత్రి చీకటిలో టార్చిలైటుకు ఆనించి చూస్తే జీవమున్న గుడ్డులో ఎర్రని నరాలు కనబడతాయి. ఏమీ లేనివాటిని తీసివేయండి. 21వ రోజుకు పిల్లలు వస్తాయి. మిషను కొన్నవారు దానిలో పట్టినన్ని నింపకండి. పొదిగించడము సులువు, పెంచేది మీరే.

తోటలో లేని చిక్కు ఇప్పుడొకటున్నది. పిల్లలలో సుమారు సగము పుంజులే. మూడు పెట్టలు కావాలంటే ఆరు పిల్లలు, ఆరు పిల్లలకు తొమ్మిది గుడ్లు అని వెనుక నుండి లెక్క వేయండి. మిగిలే పుంజులను ఏమి చేస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. మునిసిపాలిటీ నియమము కూడా అడిగి తెలుసుకోండి.

మా మనుమరాలు పన్నెండు అడిగింది, మేము తొమ్మిదికి ఒప్పించాము. ఏడు పిల్లలు వచ్చాయి, అందులో నాలుగు పుంజులు. అన్నింటికీ పేర్లు పెట్టింది, కత్తి మాట ఎత్తనివ్వదు. వాటిలో ఒకటి నిన్న తెల్లవారుజామున కూయడము మొదలుపెట్టింది. ప్రక్కింటివారు ఇంకా ఏమీ అనలేదు.