కావలి కాచిన నాయకురాలు

ఫుట్‌బాల్ క్రీడలో గోలు కొట్టినవారి పేరులు జనుల నోళ్లలో నానుచుండును గాని, గోలు పడకుండ కాచినవారిని స్మరించువా రరుదు. అట్టివారిలో అగ్రగణ్య అమెరికా దేశీయురాలు క్రిస్టీ రాంపోన్. 1975లో జన్మించి, న్యూజెర్సీ సముద్రతీరమున పెరిగి, మన్‌మత్ విశ్వవిద్యాలయమున గోలు కొట్టుటయందే ఖ్యాతి గడించిన యీమె, 1997లో జాతీయజట్టున ప్రవేశించి, రక్షణశ్రేణిలో స్థిరపడి, 311 అంతర్జాతీయ పోటీల నాడెను. 1999, 2015 ప్రపంచకప్పులును, 2004, 2008, 2012 ఒలింపిక్ స్వర్ణపతకములును గెలిచిన జట్లలో నీమె యుండెను.

ఐనను నా కన్నిటికంటె అబ్బురముగ తోచునది 2009వ సంవత్సరము. తా నాడుచున్న స్కై బ్లూ జట్టునకు పోటీల నడుమనే శిక్షకులు మారిపోగా, ఆ బాధ్యతను గూడ తానే తలకెత్తుకొని, రక్షకురాలిగా మైదానమున నిలుచుచు, రెండవమారు గర్భవతియైన సంగతిని లోకమునకు వెల్లడింపక, అంత్యపోటీలో లాస్ ఏంజిలస్ జట్టును 1-0తో నోడించి, తన జట్టును లీగు విజేతగా నిలిపెను. పురుషుల క్రీడాచరిత్ర నెంత గాలించినను ఇట్టి యుదంతము దొరకదు సుమా!

నలువదేండ్ల ప్రాయమున 2015 ప్రపంచకప్పు అంత్యపోటీ చివరి నిమిషములలో బరిలోనికి దిగి, సహక్రీడాకారిణి ఆబీ వాంబాక్‌తో గూడి కప్పు నెత్తిన యీమెకు, 2021లో అమెరికా ఫుట్‌బాల్ కీర్తిమందిరమున స్థానము లభించెను.