రైలుపెట్టెలో టీవీ బొమ్మ

యాంటెన్నా గురించిన పాఠం మీరు పుస్తకంలో చదివే ఉంటారు. ఈనాడు అదే పాఠాన్ని ఒక రైలుపెట్టెలో కూర్చుని చదువుదాం.

పట్టాలను సరిచేసే పెద్ద యంత్రాల వెంట వాటి సిబ్బంది నివసించే పెట్టె కూడా ఊరూరా తిరుగుతుంది. దానిని క్యాంప్ కోచ్ అంటారు. వంట, పడక అన్నీ అందులోనే. పలాసకు చెందిన మా చిన్నాన్న ఆ ఉద్యోగంలో ఏళ్లు గడిపాడు. 2009లో ఆయన పెట్టె కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున, షాలిమార్ యార్డులో ఉండగా నేను చూడటానికి వెళ్లాను. బల్లమీద టీవీ, దానిపైన రెండు కడ్డీల యాంటెన్నా, తెర నిండా తెల్లని చుక్కలు. "నువ్వు ఫిజిక్సు చెబుతావు కదా, ఇదేమిటో చూడు" అన్నాడు.

సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు టీవీ దానిని ఎక్కువగా వర్ధనం చేయవలసి వస్తుంది. దానితోపాటు తన సొంత వలయాలలో పుట్టే రొదను కూడా వర్ధనం చేస్తుంది. ఆ రొదే చుక్కలు. చిన్నాన్న అప్పటికే ఒక బూస్టర్ కొని టీవీ వెనుక తగిలించాడు. చుక్కలు మరింత ప్రకాశవంతమయ్యాయి, అంతే! నూతిలో నీళ్లు లేనప్పుడు మోటారు మార్చి ఏం లాభం?

గోల్ఫ్ గ్రీన్‌లోని దూరదర్శన్ టవర్ అక్కడికి ఆగ్నేయంగా తొమ్మిది కిలోమీటర్ల లోపే. అంత దగ్గర సంకేతం ఏమైపోయింది? పెట్టె అంతా ఉక్కు. ఉక్కు వాహకం కాబట్టి తరంగంలోని విద్యుత్ క్షేత్రం అందులోని ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది. అవి తరంగాన్ని తిప్పికొడతాయి. కిటికీ ఉంది కదా అంటారేమో. వి.హెచ్.ఎఫ్. తరంగదైర్ఘ్యం 1 నుంచి 10 మీటర్లు. కిటికీ అంతకంటే చిన్నది, పైగా ఇనుప ఊచలు. కాబట్టి యాంటెన్నా పెట్టె బయట ఉండాలి.

"అయితే కప్పుమీద ఒక గొట్టం నిలబెడదాం" అన్నాను. చిన్నాన్న మాట్లాడకుండా వేలు పైకి చూపించాడు. పెట్టె మీదుగా విద్యుత్ రైళ్ల తీగ పోతోంది. 25,000 వోల్టులు. అంత వోల్టేజి వద్ద ముట్టుకోనక్కరలేదు, తగినంత దగ్గరికి వెళితే గాలిలోంచే మెరుపు దూకుతుంది. అందుకే రైల్వేలో ఆ తీగకు రెండు మీటర్ల లోపలికి ఎవరినీ రానివ్వరు. ఎమ్మెస్సీ చదివిన నేను తల పైకెత్తి చూడలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే. గొట్టం ఎంత పొడవుందో, తీగకు అంతకంటే ఎక్కువ దూరంలో పాతాలి. అప్పుడు పడిపోయినా తీగను తాకదు. మేము కంచె పక్కన వెదురుబొంగు పాతి, దానికి యాగీ యాంటెన్నా కట్టాం.

చుక్కలు పోయాయి. కానీ ప్రతి బొమ్మకూ కుడిపక్కన పలుచని జంట బొమ్మ! ఇది వేరే రోగం. టవర్ నుంచి తిన్నగా వచ్చిన తరంగం ఒకటి, ఎక్కడో తగిలి పరావర్తనం చెంది ఆలస్యంగా వచ్చినది మరొకటి. ఆ ఆలస్యాన్ని స్కేలుతో కొలవవచ్చు. మన పాత అనలాగ్ పద్ధతిలో తెరపై ఒక గీత గీయడానికి సుమారు 52 మైక్రోసెకన్లు పట్టేది. తెర వెడల్పు 40 సెంటీమీటర్లు. జంట బొమ్మ 1.8 సెంటీమీటర్లు జరిగి ఉంది. అంటే ఆలస్యం దాదాపు 2.3 మైక్రోసెకన్లు. కాంతివేగంతో ఆ కాలంలో తరంగం పోయే దూరం సుమారు 700 మీటర్లు. అంత చుట్టుదారిన వచ్చిందన్నమాట. తూర్పున కొద్ది దూరంలోనే, 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు ఉక్కు తీగలతో నిలబడి ఉంది. పటం మీద లెక్క వేస్తే చుట్టుదారి ఇంచుమించు సరిపోయింది. యాగీని టవర్ వైపు నుంచి మరికాస్త దక్షిణానికి తిప్పాం. అసలు బొమ్మ కొంచెం తగ్గింది, జంట బొమ్మ చాలా తగ్గింది. బేరం గిట్టుబాటే.

అనలాగ్ ప్రసారాలు 2022 నాటికి దాదాపు అంతటా ముగిశాయి. డిజిటల్‌లో చుక్కలూ జంట బొమ్మలూ ఉండవు. బొమ్మ ఉంటే పూర్తిగా ఉంటుంది, సంకేతం ఒక హద్దు దాటి తగ్గితే గళ్లుగళ్లుగా విరిగి మాయమవుతుంది. రోగలక్షణం కనబడదు కాబట్టి వైద్యం మరింత కష్టం.

చిన్నాన్నకు అసలు కావలసింది తెలుగు. 2010 డిసెంబరు చివరలో పలాస నుంచి ఒక డిష్ తెచ్చుకుని, ఇంటి దగ్గర ఉన్న కోణంలోనే బిగించి, ఏమీ రావడం లేదని ఫోన్ చేశాడు. ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. పలాస నుంచి చూస్తే అది దక్షిణానికి 26 డిగ్రీలు తూర్పుగా, షాలిమార్ నుంచి 13 డిగ్రీలే తూర్పుగా కనబడుతుంది. ఎత్తు కోణం 66 నుంచి 63కు తగ్గుతుంది. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు మూడు డిగ్రీల వెడల్పే. పదమూడు తప్పితే ఇంకేం దొరుకుతుంది?

దిక్సూచి వాడతానన్నాడు. ఉక్కు పెట్టె పక్కన ఆ ముల్లును నమ్మకూడదు. "ఉదయం 11 గంటల 37 నిమిషాలకు నిలువు కర్ర నీడ చూడు చిన్నాన్నా, అది సరిగ్గా ఉత్తరం చూపిస్తుంది" అన్నాను. కలకత్తా మన ప్రామాణిక రేఖాంశానికి దాదాపు ఆరు డిగ్రీలు తూర్పున ఉండటం వల్ల అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు 23 నిమిషాలు ముందే నడినెత్తి రేఖకు వస్తాడు.

డిష్‌ను పెట్టెకు కాక నేలమీద చెక్కపలకకు బిగించాడు. పెట్టెను ఇంకో పట్టా మీదికి మార్చినా దిక్కు మారదు. ఫోను చెవిన పెట్టుకునే అంచును వేలితో మెల్లగా నెట్టాడు. పెట్టె లోపలి నుంచి ఎవరో "సప్తగిరి, సప్తగిరి!" అని కేక వేయడం నాకు ఇక్కడికి వినిపించింది.