గ్రామ స్త్రీలు - రాచపుండు పరీక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పరీక్షిన్మహారాజు కథ ఎల్లరకు విదితమే. ఒంటి స్తంభపు మేడలో మంత్రులను, వైద్యులను కాపుంచుకొన్నను, తక్షకుడు పండులోని చిరుపురుగై లోనికి చేరెను. ద్వారములన్నియు కాచిరి గాని పండును పరీక్షించినవారు లేకపోయిరి. గర్భాశయ ముఖమునకు వచ్చు రాచపుండు నడకయు అట్టిదే. పాపిలోమా అను వైరసు దాంపత్య సంబంధమున దేహమును చేరును. పలువురిలో తనంత తానే నశించును. కొందరిలో నిలిచి, సాధారణముగా పది పదునైదేండ్లకు పుండుగా మారును. పరీక్షిత్తునకు లభించిన గడువు 7 దినములే. ఈ వ్యాధి ఏండ్ల గడువు నిచ్చుచున్నది. అయినను 2022లో భారతదేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలు దీని వాత పడిరనియు, దాదాపు 80,000 మంది మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసినది.

పరీక్ష కష్టమైనది కాదు. వెనిగరు వంటి పలుచని ఆమ్లమును గర్భాశయ ముఖమునకు అద్ది, ఒక నిమిషము ఆగి చూతురు. చెడిన చోటు తెల్లబడును. కోత లేదు, మత్తుమందు లేదు. 30 మొదలు 65 ఏండ్ల వరకు 5 ఏండ్లకొకసారి దీనిని చేయవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్దేశించినది. తమిళనాట దిండిగల్లు జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు ఒక్క పర్యాయము ఈ పరీక్ష చేయగా, ఈ వ్యాధి మరణములు 35 శాతము తగ్గినట్లు 2007లో ప్రకటితమైనది.

అట్లుండియు, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 30-49 ఏండ్ల స్త్రీలలో ఒక్కసారియైనను ఈ పరీక్ష చేయించుకొన్నవారు 1.9 శాతమే. కారణమేమి?

మొదటిది, నొప్పి లేనిదే రోగము లేదను నమ్మకము. ముట్లుడిగిన పిదప రక్తము కనబడువరకు ఆగినచో తరచు ఆలస్యమగును. రెండవది, సిగ్గు. పరపురుషుడు చూచునేమో యను శంకతో పలువురు గడప దాటరు. శిక్షణ పొందిన నర్సమ్మయే ఈ పరీక్ష చేయగలదని వారికి చెప్పువారు లేరు. మూడవది, కూలి. నాట్లు, కలుపుల కాలమున ఒకనాటి కూలి పోవుట పేద యింటికి చిన్న నష్టము కాదు. నాలుగవది, పెనిమిటి, అత్తగారల అనుమతి. ఐదవది, అన్నిటికంటె క్రూరమైనది, అపవాద భయము. ఈ వైరసు ఏండ్ల తరబడి గుప్తముగ నుండగలదు. భర్త వలనను రావచ్చును. కనుక పరీక్షా ఫలితము శీలమునకు సాక్ష్యము కాదు.

వింత యేమనగా, తెల్లబట్ట అగుచున్నదని అప్పు చేసి చిన్న వయస్సుననే గర్భసంచి తీయించుకొనుట తెలుగునాట మిక్కిలి హెచ్చు. శస్త్రచికిత్సకు వెరువని యిల్లు నిమిషపు పరీక్షకు వెరచుచున్నది!

ఋణశేషము, వ్యాధిశేషము ఉంచరాదని పెద్దల మాట. అంకురమున తుడిచిన వ్యాధికి ఒకనాటి కూలి చాలును. ముదిరిన దానికి పొలమమ్మినను చాలకపోవచ్చును.

కావున పురుషులు ముందుగా తమ యింటివారిని తామే పంపవలెను. పరీక్ష జరుగు దినమును ఈ గ్రంథాలయపు నల్లబల్లపై వ్రాయవలెను. చదువనేర్చిన కోడలు చదువురాని అత్తకు దానిని చదివి వినిపించి, ఇరువురును కలిసి వెళ్లవలెను. పుస్తకమందలి విద్య ప్రాణమును నిలుపునప్పుడే గ్రంథాలయము సార్థకమగును.