వరికి లేని తుప్పు, వరికి ఉన్న అగ్గి



కృష్ణా డెల్టాలో గోధుమ తుప్పు తెగులు ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రధానమైన తిండిగింజల పంటల్లో తుప్పు సోకనిది వరి ఒక్కటే. గోధుమ, బార్లీ, జొన్న, మొక్కజొన్న దేనికి దానికి ఒక తుప్పు ఉంది. ఆ బాధ మనకు లేకపోవడం వల్ల గోధుమ రైతులకు వందేళ్లుగా తెలిసిన పాఠం మన దాకా రాలేదని నా అభిప్రాయం.

గోధుమ కాండపు తుప్పు పైకి ఒకటే ఎర్రటి పొడి. దానిలో ఎన్నో తెగలు ఉన్నాయని అమెరికాలో స్టాక్‌మన్ బృందం చూపించింది. 12 గోధుమ రకాల నారు మీద ఆ పొడి చల్లి, ఏ రకం పొక్కులెక్కింది, ఏది తట్టుకుంది అని పట్టిక రాసేవారు. ఆ పట్టికే తెగకు గుర్తు. తరవాత ఫ్లోర్ అనే శాస్త్రవేత్త అవిసె తుప్పు మీద పనిచేసి దీని కారణం చెప్పారు. మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకు ఎదురుగా శిలీంధ్రంలో ఒక జన్యువు ఉంటుంది. ఆ జన్యువు మారిపోతే మొక్క శత్రువును గుర్తుపట్టలేదు.

మన దేశంలో ఈ శాస్త్రానికి ఆద్యులు కె.సి. మెహతా. మైదానాల వేసవిలో తుప్పు బతకదనీ, నీలగిరి, పళని కొండల్లో, హిమాలయాల్లో నిలిచి ఉండి గాలి మీద దిగుతుందనీ ఆయన తేల్చారు. చలిదేశాల్లో ఈ శిలీంధ్రం బార్బెర్రీ పొదల మీద లైంగికంగా కలిసి కొత్త తెగలను కంటుంది. ఇక్కడ ఆ పొదల ప్రమేయం లేదు, అయినా కొత్త తెగలు ఆగలేదు. కోట్ల సిద్ధబీజాల్లో ఒకదానికి ఉత్పరివర్తన కలిగితే చాలు. అది లొంగదీయగల గోధుమే మైళ్ల కొద్దీ పరచి ఉంటే మిగతా పని దానంతట అదే జరిగిపోతుంది.

మన సముద్రానికి కూడా ఇందులో భాగం ఉంది. నవంబరు ప్రాంతంలో బంగాళాఖాతంలోనో అరేబియా సముద్రంలోనో పుట్టిన వాయుగుండం మధ్య భారతంలో బలహీనపడితే, నీలగిరుల సిద్ధబీజాలు అంత దూరమూ ప్రయాణించి వానతో గోధుమ చేలలో దిగుతాయని 1970లలో ఎస్. నాగరాజన్, ఆయన సహచరులు సూత్రీకరించారు. 1977 నవంబరులో రేపల్లెకు ఏటి అవతలి దివిసీమను ముంచిన ఉప్పెన మనకు తెలుసు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను తెలుసు. మనకు తుపానంటే నీట మునిగిన పనలు. గోధుమ శాస్త్రవేత్తకు ఆ గాలి దారి, పొక్కు ఎక్కడ మొదలవుతుందో ముందే చెప్పే పటం. సిమ్లాలోని ఫ్లవర్‌డేల్ కేంద్రంలో ఏటా నమూనాలు పరీక్షించి, ఏ తెగ పెరిగింది, ఏది తగ్గింది అని నమోదు చేస్తారు. 1998లో ఉగాండాలో బయటపడిన యూజీ99 అనే తెగ, ప్రపంచమంతా నమ్ముకున్న ఎస్ఆర్31 నిరోధక జన్యువును ఓడించింది. ఆ తరవాత దేశదేశాల గోధుమ రకాలను దాని మీద పరీక్షించగలిగారంటే, అప్పటికే లెక్కలు రాసే అలవాటు ఉండబట్టే.

మరి మన లెక్కలో? 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, సాంబ మసూరి, తెలుగువాళ్ల అన్నం రుచినే మార్చింది. దానికి నేను మనసారా మొక్కుతాను. కానీ అగ్గితెగులుకూ ఎండాకు తెగులుకూ అది లొంగుతుంది. ఎండాకు తెగులుకు హైదరాబాద్ శాస్త్రవేత్తలు మూడు జన్యువులను ఒకేసారి చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చారు. ఒక జన్యువు ఓడినా తక్కినవి కాస్తాయి. తుప్పు నేర్పిన పాఠం అదే. అగ్గితెగులు శిలీంధ్రంలోనూ తుప్పులాగే అనేక తెగలు ఉన్నాయి. ఒక ఊళ్లో తట్టుకున్న రకం పక్క ఊళ్లో మెడవిరుపుతో తాలు పోవచ్చు. పైగా వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న, జొన్న వేస్తున్నాం. వాటి తుప్పులు గోధుమవి కావు గానీ, తుప్పు ఇక మనకు పరాయి తెగులు కాదు.

అందుచేత ఈ సదస్సును నేను కోరేది ఒకటే. తెనాలి, బాపట్ల, రేపల్లె చేలలో ప్రతి సార్వాకూ అగ్గితెగులు నమూనాలు తీసి, నిర్ణీత వరి రకాల మీద పరీక్షించి, తెగల పట్టికను రైతుకు అర్థమయ్యే తెలుగులో వెలువరించాలి. కొత్త రకం విడుదల చేసేటప్పుడు అది ఏ తెగలను తట్టుకుంటుందో సంచి మీదే రాయాలి. మధ్యాహ్నపు చర్చలో మొదట తేల్చవలసింది నమూనాలు ఎవరు తీయాలి, పొట్టదశలోనా, వెన్ను తీశాకా అన్నది.