మన డెల్టా బంకనేలలు



యానాము గౌతమీ గోదావరి యొడ్డున నున్నది. మన చుట్టునున్న పొలముల బంకమన్ను నది తెచ్చి పోసినదే. 0.002 మిల్లీమీటరుకంటె సన్నని యీ రేణువులు నీటిని పట్టియుంచును గాని త్వరగా దిగనీయవు. సముద్రపు టుప్పు చేరినచో నేల చౌడగును.

చౌడు ముఖ్యముగా రెండు విధములు. లవణములు మిక్కిలిగా నుండియు ఉదజని సూచిక 8.5 లోపల నున్నది పాలచౌడు. మంచినీరు కట్టి, మురుగు తీసినచో బాగగును. సోడియము రేణువుల నంటి, సూచిక 8.5 దాటినది కారుచౌడు. దీనికి మొదట జిప్సము వేసి, పిదప కడుగవలెను. పాలచౌడునకు జిప్సము వేసిన సొమ్ము వృథా. కారుచౌడును వట్టి నీటితో కడిగిన శ్రమ వృథా. మురుగు కాలువ పూడియున్నచో రెండు వైద్యములును నిష్ఫలములే.

కావున ముందు మన్ను పరీక్ష చేయింతము, కాలువ బాగుచేసికొందము, పిదపనే ఖర్చునకు పూనుకొందము.